ఏటి యొడ్డున నిలిచిన అక్క

ధ్యాన భాగము: నిర్గమకాండము 2:1–10



మూడు నెలలు దాచిన బిడ్డను ఇక దాచలేక, తల్లి జమ్ము పెట్టెలో ఉంచి ఏటి యొడ్డున విడిచెను. ప్రేమ లేక కాదు, దారి లేక. బిడ్డ అక్క దూరమున నిలిచి కనిపెట్టుచుండెను. ఫరో కుమార్తె పెట్టె తెరచి, ఏడ్చుచున్న బిడ్డను చూచి కనికరపడెను.

మన పల్లెలలోను ఆదరణ లేని పసివారు కలరు. తండ్రి కూలి డబ్బు సారా పాలగును, పిల్లలు పస్తుందురు. జ్వరముతో మూలుగు బిడ్డను ఆసుపత్రికి చేర్చువారుండరు. మనము చూచుచునే యుందుము. వారి యింటి సంగతి మనకెందుకని తలుపు వేసికొందుము. ఎవరికైన చెప్పినయెడల అధికారులు వచ్చి బిడ్డలను లాగికొని పోవుదురేమో యను భయమును కలదు.

కాబట్టి కబురందిన తరువాత ఏమి జరుగునో తెలిసికొందము. 1098 నంబరుకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. బాలల రక్షణ పనివారు ఇంటికి వచ్చి, బిడ్డ తిండిని, ఆరోగ్యమును, చదువును విచారింతురు. బిడ్డతో విడిగా మాటలాడుదురు. తల్లిదండ్రులను, అంగన్‌వాడీ టీచరును, బడిపంతులును అడుగుదురు. చిరిగిన చొక్కాను, కారుచున్న కప్పును చూచి తల్లిని దోషిగా ఎంచరాదు. పేదరికము వేరు, నిర్లక్ష్యము వేరు. అపాయమున్నయెడల బిడ్డను తీసికొని, ప్రయాణ సమయము గాక 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి యెదుటికి తేవలెను. ఇంటి స్థితిగతుల విచారణ 15 దినములలో ముగియవలెను. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, బిడ్డను ఆశ్రమములో ఉంచుట చిట్టచివరి మార్గము. బిడ్డను పెంచు మొదటి బాధ్యత కన్నవారిదే.

ఫరో కుమార్తె చేసినదేమి? బిడ్డను పాలిచ్చి పెంచుటకు కన్నతల్లి చేతికే అప్పగించి, జీతమును ఇచ్చెను. నేడును ఇట్టి ఏర్పాటు కలదు. 2022 నాటి మిషన్ వాత్సల్య నియమముల ప్రకారము, విధవరాండ్ర బిడ్డలు మొదలైన అర్హులకు నెలకు 4,000 రూపాయల సహాయము మంజూరు కావచ్చును. బిడ్డ తన యింటనే పెరుగవలెననియే దీని ఉద్దేశము.

అయితే ఆ అక్క అచ్చట నిలువనియెడల, తల్లిని పిలిచెడివారెవరు? ఆమె పారిపోలేదు, ఊరంతయు చాటనులేదు. కనిపెట్టి, తగిన వేళ ముందుకు వచ్చి పలికెను. మన సంఘము చేయవలసిన పనియు ఇదియే. పొరుగింటి తల్లి అలసియున్నప్పుడు గంజి పట్టుకొని పోవుదము. ఆమె కూలికి పోయినప్పుడు బిడ్డను మన యింట కూర్చుండబెట్టుకొందము. బిడ్డకు అపాయమున్నచోట పెద్దల పంచాయతీకై ఆగక కబురు చేయుదము. పనివారు వచ్చి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుదము. దాచవద్దు, పెంచి చెప్పవద్దు. తరువాత ఆ యింటివారిని వెలివేయక, ఆరాధనలో మన ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము.

ఆ దినమున ఏటిలో దొరికిన బిడ్డయే ఇశ్రాయేలును నడిపించిన మోషే. మన వీధిలో ఏడ్చుచున్న బిడ్డ విషయమై దేవుని తలంపు ఏమో మనమెరుగము. ఆ యేడ్పు ఆయన చెవిని పడుచున్నదని మాత్రము ఎరుగుదుము. అది మన చెవినిబడునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.