ఒక్క చేతితో గొంగడి కాదు

వాక్యభాగములు: 1 సమూయేలు 25:2–35, యోబు 31:19, 20



మన ఇబ్రహీంపట్నం ప్రాంతపు పెద్దవారిలో గొంగడి ఎరుగనివారు లేరు. వానకు అదే గొడుగు, చలికి అదే దుప్పటి, చుట్టము వచ్చిన అదే పరుపు. అయితే అది ఎట్లు తయారగునో మన పిల్లలలో అనేకులు ఎరుగరు. గనుక ముందు ఆ సంగతి చెప్పుకొందము.

దక్కను నల్లగొఱ్ఱెకు ఏటికి రెండుమారులు ఉన్ని కత్తిరింతురు. ఒకరు గొఱ్ఱెను పట్టుకొనగా మరియొకరు కత్తెర పట్టుదురు. ఆ ఉన్నిని ఏకి చిక్కు విడదీసిన పిమ్మట స్త్రీలు రాట్నముమీద వడుకుదురు. చింతగింజలు ఉడికించి చేసిన గంజిని పడుగునకు పట్టింతురు. దానివలన నూలు గట్టిపడును. అప్పుడు నేతగాడు గుంటమగ్గములో దిగి నేయును. ఒక్క గొఱ్ఱె ఉన్ని గొంగడికి చాలదు, ఒక్క మనిషి చెయ్యియు చాలదు. మరియు కురుమ కాపరి రాత్రివేళ తన మందను రైతు చేనిలో నిలుపును. ఎరువు రైతునకు, గింజలు కాపరికి. ఈలాగు మేపినవాడు, మేత ఇచ్చినవాడు, వడికిన అవ్వ, నేసిన తాత, వీరందరి చేతులును ఒక్క గొంగడిలో ఉన్నవి.

ఇప్పుడు నాబాలును చూడుడి. వానికి 3000 గొఱ్ఱెలు, 1000 మేకలు ఉండెను. కర్మెలులో ఉన్ని కత్తిరించు దినము పండుగ దినము. ఆ దినమున దావీదు పదిమంది యౌవనులను పంపి సమాధానముతో సహాయము అడిగెను. నాబాలు రొట్టె తనది, నీళ్లు తనవి, మాంసము తనది అని లెక్క చెప్పి వారిని అవమానించి పంపివేసెను. అయితే ఆ మందకు రాత్రింబగళ్లు ప్రాకారమువలె నిలిచినది దావీదు మనుష్యులేయని వాని సొంత పనివాడే అబీగయీలుతో చెప్పెను. ఇతరుల మెలకువచేత నిలిచిన ఉన్నిని నాబాలు తనది మాత్రమే అనుకొనెను. అబీగయీలు త్వరపడి 200 రొట్టెలును ఇతర ఆహారమును గాడిదలమీద వేయించి ఎదురువెళ్లినందున రక్తపాతము ఆగెను.

యోబు లెక్క వేరు. వస్త్రములేని బీదవాడు తన గొఱ్ఱెల ఉన్నిచేత వెచ్చబడి తన్ను దీవింపకపోయినయెడల తనకు శిక్ష రావలెనని అతడు ఒట్టు పెట్టుకొనెను. మంద ఎంత పెద్దదని అతడు లెక్కింపలేదు, ఎవరు వెచ్చగా నిద్రించిరని లెక్కించెను.

మన నాటి సంగతి ఏమి? 2017లో ప్రభుత్వము గొల్ల, కురుమ కుటుంబములకు సబ్సిడీమీద 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచుట ఆరంభించెను. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలు లెక్కకు వచ్చి, మన రాష్ట్రము దేశములో మొదట నిలిచెను. అయినను మాంసముకొరకు పెంచు నెల్లూరు జాతి గొఱ్ఱెకు వెండ్రుకలే గాని ఉన్ని యుండదు. మందలు పెరిగెను, మగ్గములు తగ్గెను. మాంసపు గొఱ్ఱెను పెంచువానిని తప్పుపట్టలేము. కుటుంబము గడవవలెను గదా! కాని రాట్నము మూలపడగానే దానిచుట్టు కూడుటయు ఆగెను. ఒకచోట కూర్చుండి వడికిన అవ్వలు ఇప్పుడు ఎవరి అరుగుమీద వారు ఒంటరిగా కూర్చుండియున్నారు.

సంఘముగా మనలను మనము పరీక్షించుకొందము. కురుమవారు నేసిన గొంగడిని అన్ని కులములవారును కప్పుకొనిరి. కప్పుకొనుటకు అడ్డురాని కులము, ఒక్క గొంగడిమీద ప్రక్కప్రక్కన కూర్చుండుటకు అడ్డువచ్చెను. ప్రభువు బల్లయొద్దకు వచ్చునప్పుడైనను మావారు, మీవారు అను మాట మనలో మిగిలియున్నయెడల, మనమును నాబాలు లెక్కయే వ్రాసికొనుచున్నాము.

కాబట్టి ఈ నెలలో మూడు పనులు చేయుదము. మన ఊరిలో వడుకుట తెలిసిన అవ్వ ఎవరో విచారించి, ఆమె మన సంఘస్థురాలు కాకపోయినను, మన ఆడపిల్లలను వెంటబెట్టుకొనిపోయి ఆమెయొద్ద కూర్చుందము. కొనగలవారము గొంగడిని నేతగానియొద్దనే, అతడు చెప్పిన వెలకు కొందము. మూలనున్న గొంగడిని ఎండబెట్టి, చలికి వణకువాని యింటికి తీసికొనిపోదము. గడప బయట నిలిచి అందింపక, లోపలికి వెళ్లి వాని ప్రక్కన కూర్చుండి కప్పుదము.

మంచి కాపరివైన ప్రభువా, మా యొద్దనున్న ప్రతి వెచ్చదనములో ఇతరుల చేతులను చూచు కన్నులు మాకు దయచేయుము. నాది అను మాటనుండి మమ్మును విడిపించి, మమ్మును ఒక్క మందగా కూర్చుము. ఆమేన్.