నుదుటిరాత ఎవరిది?

అనంతపురం కరువుసీమలో వానలేమినీ, శిశుమరణాన్నీ ఒకే నుదుటిరాతగా చెప్పడం వింటూంటాను. ఈ పోలికను నేనొప్పుకోను.

రక్తాన్ని గడ్డకట్టించే విటమిన్ కె పుట్టిన బిడ్డ ఒంట్లో బహుస్వల్పం. మాయ గుండా చేరేది కొంచెం; చనుబాలలోనూ కొంచెమే. ఈ కొరత కలవారి బిడ్డకూ, కూలితల్లి బిడ్డకూ ఒకటే. కనుక తల్లిని నిందించడం అన్యాయం. అరుదుగానైనా, కొందరు పసికందులకు మెదడులో రక్తస్రావమై ప్రాణం పోతుంది.

దీన్ని కనుగొన్నందుకు డామ్‌కు 1943 నోబెల్ బహుమతి లభించింది. మామూలు బరువు బిడ్డకు పుట్టగానే తొడకు 1 మిల్లీగ్రాము సూది చాలు. శిశువులందరికీ వేయాలని భారత ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలిచ్చింది.

ప్రకృతిలోని లోపానికి దోషి లేడు. విరుగుడు తెలిశాక కూడా అది అందకపోతే, దోషం సమాజానిది. వానను మనం కురిపించలేం. సూదిని పల్లెకు చేర్చగలం. చేయగలిగినచోట విధిని సాకుగా చూపడమే అనీతి.