మూడు వందల డాలర్ల కుర్చీ

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి లాప్‌టాప్‌లో పోకర్. ఆ రాష్ట్రంలో 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే కాబట్టి దొంగచాటు వ్యవహారం కాదు. తప్పనిసరి పందేలు 5-10 సెంట్లుండే టేబుళ్లు నాలుగు ఒకేసారి తెరిచి, ఒక్కోదానిలో 10 డాలర్లు పెట్టి ఆడేవాడు. ఎవరు తేలిగ్గా ముక్కలు పారేస్తారో, ఎవరు ఊరికే పందెం పెంచుతారో రాసుకునేవాడు. నెలాఖరుకి ఎంతోకొంత మిగిలేది.

"కాసినోలో ఆడేవాళ్లకి ఈ లెక్కలేవీ తెలియవు బాబాయ్. అక్కడైతే దున్నేయొచ్చు," అన్నాడొక శుక్రవారం.

"తెలియదన్న మాట నిజమేరా. నీకు ఊరికే కూర్చోవడం తెలుసా?" అని మాత్రం అడిగి బాబాయి కారు తీశాడు.

అట్లాంటిక్ సిటీలో వాళ్లకి దొరికిన చిన్న టేబుల్ 1-3 డాలర్లది. ఇద్దరూ చెరో 300 డాలర్లకి చిప్స్ తీసుకున్నారు. మొదటి అరగంటలో పంచినవి పది పన్నెండు పంపకాలు. కుర్రాడికి ఆడదగ్గ ముక్కలు ఒక్కసారీ రాలేదు. నాలుగు టేబుళ్లకి అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోలేక, ఇంట్లో అయితే తాకనైనా తాకని రాజు-ఏడుతో దిగాడు, పోగొట్టుకున్నాడు.

కాసేపటికి రెండు రాణులు వచ్చాయి. ముందు కూర్చున్నతను 15 డాలర్లు పెట్టాడు. దాన్ని పెంచి మిగతావాళ్లని తప్పించాలని కుర్రాడు 100 డాలర్ల నల్ల చిప్పు ఒకటి మాట్లాడకుండా ముందుకి తోశాడు. డీలరు "కాల్" అని 85 తిరిగిచ్చాడు. నోరు తెరిచి "రైజ్" అనకుండా ఒక్కటే చిప్పు పెడితే, అది ఎంత పెద్దదైనా ఎదుటివాడి పందేనికి సరిపెట్టినట్టే. ఇంకో ముగ్గురు చవగ్గా లోపలికి వచ్చారు. బల్ల మీద రాజు పడింది. ఆ పాట్ రాజు ఉన్నవాడికి పోయింది.

ఉక్రోషం వచ్చింది. తర్వాత, చేతిలో ఏమీ లేకుండానే మిగిలినదంతా ముందుకి తోశాడు. ఎదురుగా టోపీ పెట్టుకున్న రిటైరైన పెద్దాయన రెండు ఎనిమిదులు చూసుకుని, నింపాదిగా చిప్స్ లెక్కపెట్టి సరిపెట్టాడు. ఆయన అంతదూరం వచ్చింది ఆడటానికి; ముక్కలు పారేయడానికి కాదు. కుర్రాడు ఏటీఎం దగ్గరికి వెళ్లి ఇంకో 300 తెచ్చాడు. అదీ తెల్లారేలోగా పోయింది.

బాబాయి కూడా ఆ రాత్రి ఓడిపోయాడు, 40 డాలర్లు.

నీతి: టేబుల్ మారినప్పుడు ముందుగా మార్చుకోవలసింది, కాలాన్నీ డబ్బునీ కొలిచే పద్ధతి.

ఆ కుర్రాడికి పోకర్ రాదని నేననను. ఎదుటివాళ్ల గురించి అతని అంచనా కూడా చాలావరకు సరైనదే. కానీ ఇంట్లో నాలుగు టేబుళ్ల మీద గంటకి 250 పంపకాలు చూసేవాడు, కాసినోలో 25 నుంచి 30 చూస్తాడు. రాత్రంతా ఎనిమిది గంటలు కూర్చున్నా ఇంటి దగ్గర ఒక్క గంట ఆటకి మించదు. ఒక గంట ఫలితం చూసి గెలిచే ఆటగాడో కాదో ఎవరూ తేల్చలేరు. అంత కొంచెం ఆటలో పోయింది ఆ రాత్రే రాబట్టాలని పట్టుబడితే ముక్కలు ఆ మాట వినవు.

ఇక డబ్బు. కాసినోలో అన్నిటికన్నా చిన్న టేబులే అతని పాత టేబుల్‌కి ముప్పై రెట్లు. ఇంట్లో పది డాలర్లు పోతే కాఫీ తాగి పడుకునేవాడు. ఇక్కడ అదే ఆట తేడా కొడితే అద్దెలోంచి తీయాలి. అద్దె డబ్బుతో కూర్చున్నవాడు పెంచాల్సిన చోట భయపడతాడు, పారేయాల్సిన చోట తెగిస్తాడు. కనీసం ఇరవై సార్లు కూర్చునేంత, అంటే 6000 డాలర్లు, పోయినా ఇల్లు కదలని సొమ్ము విడిగా లేనప్పుడు ఆ టేబుల్ మనది కాదనే నేనంటాను.

మన దేశంలోనైతే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, 2025 ఆగస్టులో చట్టం చేసి కేంద్రం దేశమంతటా నిషేధించాయి. ఫోన్ మూసేసి గోవాలో మాండవి నది మీది కాసినో ఓడలెక్కాలనుకునే మనవాళ్లు కూడా బయల్దేరే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఓడిపోయినా బాధలేని మొత్తం జేబులో పెట్టుకుని, బ్యాంకు కార్డు గదిలోనే వదిలి, మొదటి గంట ముక్కలు పారేస్తూ మిగతావాళ్లు ఎలా ఆడుతున్నారో చూడాలి. అలా చూస్తూ కూర్చోవడం విసుగనిపిస్తే అక్కడే లేచి రావాలి.