మోటుపల్లి అభయం

చినగంజాం ఉప్పు మళ్ళు దాటి సముద్రం వైపు వెళితే మోటుపల్లి వస్తుంది. ఇసుక, సరుగుడు చెట్లు, ఆరబెట్టిన వలలు. కాకతీయుల కాలంలో ఇది పెద్ద ఓడరేవు. మార్కోపోలో ముత్‌ఫిలి అని రాసింది ఈ రేవు పేరే. ఇక్కడి వజ్రాలనూ, సాలెగూడంత పలచని బట్టలనూ అతను తెగ మెచ్చుకున్నాడు.

నేను చాలాసేపు నిలబడిపోయింది వీరభద్రస్వామి గుడిలో, కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం దగ్గర. 1244-45 నాటిది. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు లాగేసుకునేవారట. గణపతిదేవుడు నిర్ణీత సుంకం తప్ప మరేదీ ముట్టనన్నాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు... వీటన్నిటికీ సుంకం ఎంతో రాయించాడు.

దయగల రాజుల కథలు మనకు కొదవలేదు. ఇక్కడ నాకు గొప్పగా తోచింది దయ పక్కనే ఉన్న ఆ అంకె. అంకె లేని దయ అధికారి మనసును బట్టి ఉంటుంది, పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా. ముప్పైలో ఒకటి అని రాతి మీద చెక్కాక, తడిబట్టలతో ఒడ్డెక్కిన పరదేశి వర్తకుడు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. తనది తనకిమ్మని అడగవచ్చు.

ఇంకో సంగతి. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రమెక్కినవాళ్ళని ఆ శాసనమే వర్తకుల గురించి చెబుతుంది. అయినా ఆ ఆశను నిందించదు, వాళ్ళు తలకెత్తుకున్న ప్రమాదాన్ని గుర్తిస్తుంది. అప్పుచేసి కౌలుకు దున్ని మునిగిన రైతునో, ఏజెంటును నమ్మి గల్ఫ్‌లో చిక్కుకున్న కుర్రాడినో చూసి "అత్యాశకు పోయాడు, అనుభవిస్తున్నాడు" అనేవాళ్ళను ఎందరినో విన్నాను. విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాజుకు ఉన్న ఆ పాటి ఓర్పు మనకెందుకు ఉండదు?

రాజ్యం మారితే అభయం మళ్ళీ ఇవ్వవలసిందే. కాకతీయుల తరవాత, 1358లో, రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇదే మోటుపల్లిలో వర్తకుల కోసం మరో శాసనం వేయించాడు, తెలుగుతోపాటు తమిళంలోనూ. వచ్చి స్థిరపడండి, భూములిస్తామన్నాడు. వేరేచోటికి వెళ్ళాలనుకుంటే ఆపబోమని కూడా అందులోనే రాయించాడు.