ఉడకబెట్టక ముందు తీసిన విత్తనం

ఆర్మూర్ ప్రాంతంలో జూన్‌లో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వకానికి వచ్చినప్పుడు, పంటను ఉడకబెట్టడానికి ముందే రైతు మరుసటి ఏటి విత్తనపు దుంపను వేరుచేసి నీడన భద్రపరుస్తాడు. ఉడికి, ఎండి, పాలిష్ పట్టిన కొమ్ముకు నిజామాబాద్ మార్కెట్ యార్డులో ధర పలుకుతుందే గాని, దానికి మళ్లీ మొలక రాదు. అదే పసుపును కొని అమ్మే చిన్న దుకాణదారు మాత్రం తన దుకాణం విషయంలో ఈ వరుసను పాటించడం అరుదు. చాలా ఇళ్లలో విత్తనం సంగతి, అంటే దుకాణాన్ని ఎవరికి అప్పగించాలన్నది, ఆసుపత్రి మంచం మీద గాని గుర్తుకు రాదు.

గృహస్థ ధర్మానికీ సన్న్యాసానికీ నడుమ, బాధ్యతలను ఒక్కొక్కటిగా దించుకొనే దశను ధర్మశాస్త్రాలు వానప్రస్థం అన్నాయి. ఆ వేళ ఎప్పుడు వస్తుందో చెప్పడానికి మనుస్మృతి ఆరవ అధ్యాయం ఏ వయసునూ నిర్ణయించలేదు. ముడతలు, నెరసిన తల, మనుమడి ముఖం అనే గుర్తులను మాత్రం చూపింది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడవదలచినప్పుడు మొదట ఎత్తిన మాట మైత్రేయికీ కాత్యాయనికీ మధ్య పంపకం గురించినదే. ఆ తరువాత సాగిన ఆత్మవిచారం ప్రసిద్ధమైనంతగా ఈ పంపకం ప్రసిద్ధం కాకపోవడం విచిత్రం.

తప్పుకోవడం ఎట్లా బెడిసికొడుతుందో తెలియాలంటే అయోధ్యకాండను వ్యాపారి కంటితో చదవాలి. దశరథుడు వార్ధక్యాన్ని గుర్తించాడు, యోగ్యుడైన వారసుణ్ణి ఎంచాడు, సభ సమ్మతినీ పొందాడు. అయితే భరతుడు మేనమామ ఇంట ఉండగా మర్నాడే పట్టాభిషేకమని తొందరపడ్డాడు, పూర్వం యుద్ధ సమయంలో కైకేయికి ఇచ్చిన రెండు వరాలు ఇంకా తీరని బాకీగా ఉన్నాయని మరచాడు. ఏ ఖాతాకూ ఎక్కని నోటిమాటే చివరకు రాజ్యాన్ని అడ్డుకుంది. పసుపు వర్తకంలోనూ సరుకు ఈ రోజు, సొమ్ము తరువాత అనే ఒప్పందాలు, హమాలీకి పెళ్లి ఖర్చుకు ఇస్తానన్న మాట, తమ్ముడికి వాటా ఉందన్న హామీ పుస్తకంలో కనిపించవు గనుక, వాటిని వారసుడి ముందు చదివి వినిపించడం తాళంచెవి ఇవ్వడం కన్నా ముందు జరగవలసిన పని.

లోకవ్యవహారమూ ఇదే కోరుతుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, సంస్థనుంచి విరమించిన భాగస్వామి ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించేదాకా, ఆ సంస్థ చేసే పనులకు బయటివారి ఎదుట సాధారణంగా తానూ బాధ్యుడే. సొంత దుకాణమైతే జీఎస్టీ నమోదు యజమాని పాన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి కొడుకుకో కూతురికో సంక్రమించదు. నడిపేవారు తమ పేరిట కొత్తది తీసుకోవాలి.

అన్నిటికన్నా సూక్ష్మమైన మాట కౌషీతకి ఉపనిషత్తులో ఉంది. అక్కడ చెప్పిన సంప్రదానం, అంటే తండ్రి తన సర్వస్వాన్నీ కొడుకుకు అప్పగించే క్రియ, అవసానకాలంలో జరుగుతుంది. వాక్కు, చూపు, వినికిడి, చేసిన కర్మలు ఒక్కొక్కటిగా నీలో ఉంచుతున్నానని తండ్రి అంటే, స్వీకరిస్తున్నానని కొడుకు బదులిస్తాడు. అప్పగింత పూర్తయ్యాక తండ్రి కోలుకుంటే? ఇచ్చినదాన్ని తిరిగి తీసుకొమ్మని ఉపనిషత్తు చెప్పలేదు. కొడుకు ఆధిపత్యం కింద ఉండాలి, లేదా ఇల్లు విడిచి సంచరించాలి అన్నది. రాజీనామా రాసి మరునాడు మళ్లీ గల్లా దగ్గరే కూర్చునే పెద్దలకు ఇంతకన్నా కఠినమైన విధి లేదు.

నిజామాబాద్ యార్డు 2016లో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలంలోకి వచ్చింది, 2025 జనవరిలో అదే నగరం కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. కొమ్మును విరిచి రంగు చూసి ధర కట్టే తండ్రి విద్య వీటివల్ల వ్యర్థం కాలేదు. అయితే ఆ కొమ్మును ఆయన విరిచి కొడుకు చేతికి ఇవ్వవచ్చు. ధర ఎంతో చెప్పే పని మాత్రం ఇక కొడుకుది.