ఎక్కడున్నావు?

సెల్ ఫోను మ్రోగగానే మనలో చాలమంది మొదట అడుగునది క్షేమసమాచారము కాదు, "ఎక్కడున్నావు?" అనునదే. బల్లమీద తీగతో కట్టబడియున్న పాత టెలిఫోనులో ఈ ప్రశ్న అడుగ నక్కరలేకుండెను. నంబరు ఇంటిది గనుక, పలికినవాడు ఇంట నున్నాడనుట నిశ్చయమే. 1973 ఏప్రిల్ 3వ తేదీన మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపరు న్యూయార్కు వీధిలో నిలువబడి, కిలోకు పైబడిన బరువుగల పరికరమును చెవికి ఆనించుకొని మాటలాడినప్పుడు ఆ కట్టు తెగినది. ఆయన మొదట పిలిచినది పోటీ సంస్థయైన బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌ను. ఆ పాటి గర్వమును క్షమింతము. నంబరు స్థలమునకు గాక మనుష్యునికి చెందవలెనన్నది కూపరు ఆశయము, అది నెరవేరినది. అయితే స్థలమునుండి విడుదల పొందిన మనుష్యుడు, తానున్న స్థలమునుగూర్చి అబద్ధమాడుటకును విడుదల పొందెను.

తువాలు భుజమున వేసికొని అప్పుడే స్నానమునకు బయలుదేరినవాడు, "బస్సులో ఉన్నాను, పది నిమిషాల్లో వస్తున్నాను" అనును. అవతల వానికొరకు కాచుకొనియున్న కూలివాడు ఆ మాట నమ్మి, వేరొక పని విడిచిపెట్టి కూర్చుండును. ప్రియ చదువరీ, దీనిని మనము అబద్ధమని కూడ అనము, మర్యాద అందుము. గాని ఆ కూలివాని పూట నష్టమును ఎవరి లెక్కలో వ్రాయవలెను? పూర్వము ఆలస్యమైనవాడు వచ్చిన పిమ్మట ముఖాముఖిగా సాకు చెప్పవలసియుండెను. ఇప్పుడు రాకమునుపే మూడుసార్లు చెప్పవచ్చును.

ఈ యంత్రము పనిచేయు విధములో ఒక వింత యున్నది. దేశమంతయు తేనెపట్టు గదులవలె చిన్న భాగములుగా విభజింపబడి, గదికొక టవరు ఏర్పరచబడును. 1947లోనే బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ ఈ ఆలోచనను వ్రాసిపెట్టెను. సెల్ అను పేరు ఈ గదులనుబట్టియే కలిగినది. ఒక గదిలో వాడిన తరంగములనే దూరపు గదులలో మరల వాడుకొనవచ్చును గనుకనే ఇంతమంది ఒక్కసారిగా మాటలాడగలుగుచున్నాము. కాని పిలుపు మనలను చేరవలెనంటే మనము ఏ ప్రాంతమున నున్నామో ముందుగానే తెలిసియుండవలెను. అందుచేత మనము మాటలాడకున్నను, జేబులోని ఫోను తన ఉనికిని అప్పుడప్పుడు టవరునకు తెలుపుచునేయుండును. జేబు నిజము చెప్పుచుండగా నోరు అబద్ధమాడుచున్నది! ఏదెను తోటలో చెట్ల చాటున దాగిన ఆదామును అడిగిన ప్రశ్నయు ఇదే గదా. అడిగినవానికి జవాబు తెలియక కాదు.

2017లో గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ అనునవి మనము కదలుచున్నంతసేపు మన చోటును ఇతరులకు చూపు ఏర్పాటు తెచ్చినవి. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణముచేయు ఆడపిల్లకు ఇది మేలే. గాని దీనిని భార్యకు ఆజ్ఞగా విధించు భర్తలును కలరు. ఒకసారి మోసపోయినవారి భయమును నేను తేలికగా త్రోసివేయను. అయినను కాపలా క్రింద పలికిన నిజమును నిజాయితీ అనుటకు వీలులేదు. పటముమీది చుక్క మనిషి ఎక్కడున్నాడో చూపునే గాని, వానిని నమ్మవచ్చునో లేదో చూపదు.

ఇంతకంటె కఠినమైన సంగతి యొకటి కలదు. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములనుండియు కోనసీమనుండియు ఎందరో గల్ఫు దేశములకు పనికి పోయియున్నారు. అట్టి కొడుకొకడు దుబాయిలో ఆసుపత్రి మంచముమీదనుండి తల్లితో, "గదిలోనే ఉన్నానమ్మా, అన్నం తిన్నాను" అనునను కొనుము. స్నానమునకు పోవుచున్న పెద్దమనిషి మాటతో దీనిని ఒకే త్రాసులో తూచుటకు నాకు మనస్సొప్పదు. అతడు తన్ను కాపాడుకొనుచున్నాడు, వీడు తల్లిని కాపాడుచున్నాడు. ఉత్తరముల కాలములో జ్వరము సంగతి ఇల్లు చేరునప్పటికి జ్వరమే తగ్గియుండును; దాచుటలో కొంత న్యాయముండెను. ఇప్పుడైతే వాని దగ్గు ఆ క్షణముననే ఆమె చెవిని పడుచున్నది, వెనుకనున్న నర్సు మాటయు వినబడుచున్నది. ఆమె వినని దానివలె, "జాగ్రత్త నాయనా" అని ఊరకుండును. ఇద్దరును ఒకరికొరకు ఒకరు దాచుచున్నారు. అయినను కొడుకు బాధలో ఆమెకు రావలసిన పాలు ఆమెకు దక్కలేదు. సముద్రమునకు ఈవలనుండి ఆమె చేయగలిగినది వానితోకూడ మేలుకొనియుండుటయే. ఆమె మరల, "నిజంగా ఎక్కడున్నావురా?" అని అడిగినయెడల వాడు చెప్పివేయవలెననియే నా తలంపు.