నవ్వును, హెచ్చరికయు

సింగానల్లూరులో తిరుచ్చి రోడ్డు ప్రక్కన మోటారు పని చేయు షెడ్లు అనేకములు గలవు. ఆదివారము సాయంత్రము అట్టి యొక షెడ్డులో కారులపై మక్కువగల మిత్రులు కొందరు కూడుదురు. నాకు యంత్రజ్ఞానము స్వల్పము. మాటల రుచికై పోవుచుందును. ఇతరులు తమ బండ్లకు సొంతముగా చేసికొన్న చికిత్సలను వర్ణించుటయే అచ్చటి ముఖ్య వినోదము. ఒకడు బలము పెరుగునని సిలిండరు హెడ్డును అరగదీయించెనట. లోని ఒత్తిడి మితిమీరి, పెట్రోలు వేళగాని వేళ మండి, ఇంజను టకటక కొట్టుకొని, తుదకు పిస్టను తలకు రంధ్రము పడెనట. మరియొకడు గాలి వడపోయు ఫిల్టరును పెరికివేయగా, ఊరి దుమ్మంతయు లోనికి పోయి సిలిండరు గోడలను గీచెనట. ఇట్టివి చెప్పుకొని కడుపుబ్బ నవ్వుదురు.

ఈ నవ్వును నేను కేవలము దోషమని యనజాలను. పనివారిలో ఎగతాళి యొక చదువు. నట్టు బిగింపక వదలిన కుర్రవానికి తోటివారి నవ్వు జన్మాంతము గుర్తుండును. కాని ఆ నవ్వు వాని యెదుటనే పుట్టును. తప్పేదియో వానికి తెలియును. తెలియనీయని నవ్వు మాట వేరు.

కొన్ని నెలల క్రిందట ఒక పాత వ్యాను బ్రేకు పనికై ఆ షెడ్డుకు వచ్చినది. వెనుక సీటు చాటున వంటయింటి గ్యాసు సిలిండరు. దానినుండి ఇంజనుకు రబ్బరు గొట్టము. ఖర్చు కలిసివచ్చునని యజమాని చేసికొన్న యేర్పాటది. ఆ గ్యాసు గాలికంటె బరువైనది; కారినచో పైకి పోక బండి నేలపైననే నిలుచును; ఒక్క నిప్పురవ్వ చాలును. బండి తయారైన తీరును ఇట్లు మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమునకు విరుద్ధము. సుప్రీంకోర్టు 2019లో ఆ నిషేధమును మరల స్థిరపరచినది. ఇవన్నియు మా మిత్రులకు కంఠపాఠము. అయినను వారిలో ఒకరు, “ఏమన్నా, వంట బండిలోనేనా?” యనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. అతడును నవ్వి, బ్రేకు సరిచేయించుకొని వెడలిపోయెను. సీటుపైన రెండు బడిసంచులుండినట్లు ఇల్లు చేరిన పిదప గాని నాకు స్ఫురింపలేదు.

సాహసమును నవ్వరాదని కొందరందురు. మనకు దగ్గరనే, కలంగల్ గ్రామమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారి యుదాహరణము చూపుదురు. హోటలులో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక మోటారుసైకిలు కొని, దానిని ముక్కముక్కలుగా విప్పిన యువకుని చూచి నవ్వనివారుందురా? ఆయనయే 1920లో పొల్లాచ్చి, పళని నడుమ బస్సు నడిపెను. నిజమే. కాని ఆయన విప్పినది తన బండిని. మరల బిగించుట నేర్చిన పిదపనే అన్యులను ఎక్కించుకొనెను. మన కోయంబత్తూరివారే యగు కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారులు నిర్మించిరి. 2005లో ఫార్ములా వన్ చేరిన నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్ళలో నడిపినవి అట్టివే. అదియు మార్పే గదా! అయితే అవి పరుగెత్తినది మూసిన పందెపు బాటపైన. కూర్చున్నది అపాయమెరిగి శిరస్త్రాణము ధరించిన ఒక్కడు. బడిపిల్లకు ఏ శిరస్త్రాణము కలదు? ఆమె నెవరడిగిరి?

మరుసటి ఆదివారము ఆ వ్యాను నంబరును షెడ్డులో విచారించితిని. ఎవరికిని గుర్తులేదు. వంట మాట మాత్రము అందరును గుర్తుచేసికొని మరియొకసారి నవ్విరి. సోమవారము బడివేళకు తిరుచ్చి రోడ్డు ప్రక్కన నిలిచి, పోవు ప్రతి వ్యాను వెనుక అద్దములోనికి చూచుచుంటిని.